ఓడిపోయాక కూడా అదే మాస్టర్

మా తమ్ముడు బాక్సింగ్ నేర్చుకుంటున్నాడన్న సంగతి మన క్లాసులో కొందరికి తెలుసు. మేముండేది ఉత్తర చెన్నైలో. అక్కడ బాక్సింగ్ కొత్త ఆట కాదు, తాతల నాటి పిచ్చి. కోచ్ అన్న మాట కూడా ఎక్కువగా వినపడదు, వాత్తియార్ అంటారు. పోయిన నవంబరులో ఒక పోటీలో తమ్ముడు రెండో రౌండులోనే ఓడిపోయి, పెదవి చిట్లి ఇంటికొచ్చినాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర మొదలైన తగాదా మూడు వారాలు నడిచింది. మాస్టర్‌ని మార్చాలని నాయన, వద్దని అమ్మ. కోపం వస్తే నాయన అరవంలోకి దిగుతాడు, అమ్మ తెలుగు వదలదు. పక్కింటివాళ్లకు ఈ తగాదా సగమే అర్థమై ఉంటుంది. నేను నాయన వైపే. మార్కులు రాకపోతే ట్యూషన్ మారుస్తాం కదా, ఇదీ అంతే అని నా లెక్క. తమ్ముణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ తగాదా తెగకముందే నేను జో లూయిస్ జీవితం చదివాను. నిజం చెప్పాలంటే నాయన వాదనకు బలం వెతుకుదామనే మొదలుపెట్టాను. ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా 11 ఏళ్ల 8 నెలలు వరసగా ఉన్నవాడు లూయిస్. 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అలాంటివాడు కూడా ఒకసారి వేలాది జనం ముందు 12 రౌండ్లు దెబ్బలు తిని, లేవలేక ఓడిపోయాడు. ఆ తర్వాత మాస్టర్‌ని మార్చాడా లేదా అని చూడబోయి, ఆయన పుట్టిన ఊరిదాకా వెనక్కి పోవలసి వచ్చింది. ఈసారి గోడపత్రికలో రెండు చార్టులు నేనే ఆక్రమించినందుకు ఎడిటర్ అక్క క్షమించాలి. నిలబడి చదివేవాళ్లు కాళ్లు మార్చుకుంటూ చదవండి.

జో లూయిస్ బారో 1914 మే 13న అమెరికా దక్షిణాదిలో, అలబామా రాష్ట్రంలో లాఫయెట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు. తాతలు బానిసలు. తల్లిదండ్రులు పరాయి భూమిలో పాలుకు పత్తి పండించేవాళ్లు. జోకి రెండేళ్లప్పుడు తండ్రిని పిచ్చాసుపత్రిలో చేర్చారు. కొన్నాళ్లకు ఆయన పోయాడన్న కబురు నమ్మి తల్లి లిల్లీ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆయన పోలేదు. 1938 దాకా ఆ ఆసుపత్రిలోనే బతికి, కొడుకు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడని తెలియకుండానే పోయాడు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

దక్షిణాదిలో నల్లవాళ్ల మీద దౌర్జన్యాలు, ఉత్తరాదిన కార్ల ఫ్యాక్టరీల్లో కూలి. ఈ రెండూ కలిసి 1926లో ఆ కుటుంబాన్ని డెట్రాయిట్ నగరానికి చేర్చాయి. బళ్లో జో వెనకబడ్డవాడు. మాటకారి కాదు. చెక్కపని నేర్పే బడిలో వేశారు. కొడుకు చెడు సావాసాలు పట్టకుండా వయొలిన్ నేర్చుకోవాలని తల్లి కోరిక. ఆమె కూలి డబ్బుల్లోంచి తీసి ఇచ్చిన వయొలిన్ ఫీజును ఈ అబ్బాయి బాక్సింగ్ నేర్పే చోట కట్టేశాడు. గ్లవ్స్ వయొలిన్ పెట్టెలో దాచి తీసుకెళ్లేవాడని కూడా చెబుతారు. బారో అనే ఇంటిపేరు ఎలాగో రాలిపోయి జో లూయిస్ మాత్రం మిగిలింది.

మొదటి పోటీ 1932లో జరిగింది. ఎదురుగా జానీ మైలర్, ఒలింపిక్స్ జట్టు స్థాయి ఆటగాడు. మనవాడికి అనుభవం సున్నా. ఏడుసార్లు కిందపడ్డాడు. ఏడుసార్లూ లేచాడు, కానీ ఓడిపోయాడు. ఇంటికొస్తే మారు తండ్రి ఇక ఈ ఆట చాలు, పనిలో చేరమన్నాడు. చేరాడు. ఫోర్డ్ ఫ్యాక్టరీలో లారీల బాడీలను ముందుకు తోసే పని. వీపు పడిపోయేంత బరువు. కొన్ని నెలలు అదే చేశాడు. మాస్టర్‌ని మార్చడం కాదు, ఆటనే మానేయడం ఆ మొదటి ఓటమి ఫలితం. తర్వాత ఇంత కష్టం ఎలాగూ పడుతున్నప్పుడు రింగులోనే పడదామనుకున్నాడో ఏమో, మళ్లీ జిమ్‌కి తిరిగొచ్చాడు. అక్కడ హోల్మన్ విలియమ్స్ అనే యువ బాక్సర్ దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. 1934లో అమెరికా అమెచ్యూర్ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

ఇక్కడ మాస్టర్ మారాడు. ఇది నేను రెండోసారి చదివినప్పుడే గమనించాను. లూయిస్ జీవితంలో తను కోరి చేసుకున్న పెద్ద మార్పు ఇదొక్కటే, అదీ ఓడిపోయినప్పుడు కాదు, గెలుస్తున్నప్పుడు. డబ్బుకు ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి పోతున్నాడు కాబట్టి అక్కడి పని తెలిసినవాడు కావాలి. జాన్ రాక్స్‌బరో, జూలియన్ బ్లాక్ అనే ఇద్దరు నల్లజాతి మేనేజర్లు అతన్ని షికాగో తీసుకుపోయి జాక్ బ్లాక్‌బర్న్‌కి అప్పజెప్పారు.

బ్లాక్‌బర్న్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1883లో పుట్టాడు. తన కాలంలో గొప్ప లైట్‌వెయిట్. తనకంటే ఎంతో బరువైనవాళ్లతో, శామ్ లాంగ్‌ఫర్డ్ లాంటివాళ్లతో కూడా తలపడినవాడు. ముఖం మీద చెవి దగ్గర్నుంచి మూతిదాకా కత్తిగాటు. తాగుడు. కోపం. 1909లో ఒక మనిషిని కాల్చి చంపిన కేసులో నాలుగేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఇలాంటివాడి చేతికి పిల్లవాణ్ణి ఇస్తామా అంటే మా అమ్మ కూడా ఇవ్వదు. కానీ జైలు నుంచి వచ్చాక శిక్షకుడిగా మారి ఇద్దరు తెల్లవాళ్లను ప్రపంచ ఛాంపియన్లుగా తయారుచేసిన చెయ్యి అది.

అతను లూయిస్‌ని మొదట వద్దన్నాడు. నల్లవాణ్ణి తయారుచేసి ఏం లాభం అన్నది అతని బాధ, తను నల్లవాడై ఉండీ. దానికి కారణం జాక్ జాన్సన్. 1908లో తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయిన జాన్సన్, తెల్లవాళ్ల ముందు తల వంచకుండా, వాళ్లను ఎగతాళి చేస్తూ, తెల్ల స్త్రీలను పెళ్లాడుతూ తనకు నచ్చినట్టు బతికాడు. 1915లో ఆయన ఓడాక ఇంకో నల్లవాడికి ఆ టైటిల్ కోసం ఆడే అవకాశమే ఇవ్వలేదు. ఆ తలుపు 22 ఏళ్లు మూసే ఉంది. తనకు దక్కనిది ఈ కుర్రాడికి మాత్రం ఎలా దక్కుతుందని బ్లాక్‌బర్న్ అనుమానం. వారానికి ఇంత అని జీతం ఖాయం చేసుకుని గాని పనిలో దిగలేదు.

నేర్పింది ఏమిటంటే, ముందు కాళ్లు. అప్పటిదాకా లూయిస్ ఒంటి బలంతో కొట్టేవాడు, కొట్టాక తూలేవాడు. పాదాలు నేలకు ఆనించి, చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొట్టగలిగేలా నిలబడడం నేర్పాడు. దెబ్బ దూరం నుంచి ఊపుకుని రాకూడదు, దగ్గర్నుంచి రావాలి. ఒకటి కాదు, వెంటవెంటనే మూడు నాలుగు రావాలి. ఇంకొకటి కూడా నేర్పాడు. తెల్ల జడ్జీలు పాయింట్ల మీద నల్లవాడికి గెలుపు ఇస్తారని ఆశ పెట్టుకోకూడదు, ఎదుటివాణ్ణి పడగొట్టి గెలవాలి. లూయిస్ నాకౌట్‌ల వెనక బలం ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా ఉంది. మేనేజర్లు మరో పాఠం చెప్పారు. ఓడినవాడి మీద నిలబడి నవ్వకూడదు, తెల్ల అమ్మాయితో ఫోటో దిగకూడదు. జాన్సన్ చేసినవేవీ చేయకూడదు. ఆ ఫోటోల్లో లూయిస్ ముఖం ఎందుకంత బొమ్మలా ఉంటుందో నాకప్పుడు అర్థమైంది.

గురుశిష్యులిద్దరూ ఒకరినొకరు చాపీ అని పిలుచుకునేవాళ్లు. ఇద్దరికీ ఒకటే పేరు. మన ఇళ్లలో మామా అల్లుడు ఒకరినొకరు ఒరేయ్ అని పిలుచుకోవడం లాంటిది కాబోలు.

1934 జూలై 4న షికాగోలో మొదటి ప్రొఫెషనల్ ఆట, మొదటి రౌండులోనే నాకౌట్. అక్కణ్ణుంచి రెండేళ్లు ఓటమి అన్నదే లేదు. 1935 జూన్‌లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ఇటలీ మహాకాయుడు, మాజీ ఛాంపియన్ ప్రీమో కార్నేరాను ఆరో రౌండులో పడగొట్టాడు. సెప్టెంబరు 24న ఇంకో మాజీ ఛాంపియన్ మాక్స్ బేర్‌ని నాలుగో రౌండులో. ఆ రోజే, ఆటకు కాసేపటి ముందు, మార్వా ట్రాటర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లికూతురు రింగు పక్కనే కూర్చుని చూసింది. నేనైతే చూడగలిగేదాన్ని కాదు.

అదే ఏడాది డిసెంబరులో స్పెయిన్‌కు చెందిన ఉజ్కుడున్‌తో ఆట. అదీ సులభంగానే గెలిచాడు. కానీ ఆ రోజు రింగు పక్కన ఒక జర్మన్ కూర్చుని ఉన్నాడు. మాక్స్ ష్మెలింగ్, 30 ఏళ్లవాడు, మాజీ ఛాంపియన్. పని అయిపోయిందని అందరూ అనుకుంటున్నవాడు. అతను జనం లాగా లూయిస్ కుడిచేతి దెబ్బను చూడలేదు, ఎడమచేతిని చూశాడు. ఎడమచేత్తో తిన్నగా పొడిచినట్టు కొట్టే దెబ్బను జ్యాబ్ అంటారు. లూయిస్ జ్యాబ్ కొట్టి చేతిని వెనక్కి తెచ్చుకునేటప్పుడు గడ్డం దగ్గరికి తేకుండా కొంచెం కిందికి దించుతాడు. క్షణంలో సగం. ఆ సందులోంచి కుడిచెయ్యి పోతుంది. ష్మెలింగ్ తర్వాత లూయిస్ ఆటల ఫిల్ములు తెప్పించుకుని అదే చూశాడు.

1936 జూన్ 19, యాంకీ స్టేడియం. లూయిస్‌కి 22 ఏళ్లు. ట్రైనింగ్ క్యాంపులో పని తగ్గించి గోల్ఫ్ ఆడుకున్నాడు, ఈ ముసలాయనతో ఏముందిలే అని. ష్మెలింగ్ మూడు రౌండ్లు ఓపికగా దెబ్బలు కాచుకున్నాడు. నాలుగో రౌండులో ఆ సందు దొరికింది. కుడిచేతి దెబ్బ. లూయిస్ ప్రొఫెషనల్ అయ్యాక మొదటిసారి కింద పడ్డాడు. లేచాడు గాని అక్కణ్ణుంచి ఆట అతనిది కాదు. ప్రతి రౌండులోనూ అదే చెయ్యి అదే చోట దిగింది. బుగ్గ వాచి కన్ను మూసుకుపోయింది. 12వ రౌండులో పడినవాడు లెక్క పూర్తయ్యేలోపు లేవలేదు. హార్లెంలో వీధుల్లో మనుషులు ఏడ్చారు. రేడియో వింటూ గుండె ఆగి పోయినవాళ్లున్నారని పత్రికలు రాశాయి. జర్మనీలో హిట్లర్ ప్రభుత్వానికి మాత్రం అది పండగ. తమ జాతి గొప్పదని చెప్పుకోవడానికి ష్మెలింగ్ గెలుపును వాడుకుంది. పాపం ష్మెలింగ్ నాజీ పార్టీలో చేరలేదు, అతని మేనేజర్ ఒక యూదుడు.

ఇప్పుడు మా నాయన ప్రశ్న. ఎడమచెయ్యి దిగుతోందని ఊరు కాని ఊరు నుంచి వచ్చిన జర్మన్‌కి కనిపించింది. రెండేళ్లుగా రోజూ పక్కన నిలబడ్డ బ్లాక్‌బర్న్ దాన్ని ఎందుకు పోగొట్టలేకపోయాడు? గోల్ఫ్ ఆడుతున్న శిష్యుణ్ణి ఎందుకు ఆపలేకపోయాడు? మార్చాలంటే కారణాలు ఇంతకంటే ఏం కావాలి? అదీగాక తప్పు బయటపెట్టినవాడు ఇంట్లోనే ఇంకొకడున్నాడు. ఆ జాక్ జాన్సనే. లూయిస్ నిలబడే తీరులో, ఎడమచేతిలో లోపముందని ఆయన ముందునుంచీ బాహాటంగా అన్నాడు, ష్మెలింగ్ మీద పందెం కాశాడు, గెలిచాడు, హార్లెంలో ఆ సంగతి చెప్పుకుని జనం చేత తిట్లు తిన్నాడు. తప్పు కనిపెట్టగల కళ్లు ఉన్నవాడే మంచి మాస్టర్ అయితే లూయిస్ మర్నాడే జాన్సన్ దగ్గరికి పోవాలి.

లూయిస్ పోలేదు. బ్లాక్‌బర్న్ దగ్గరికే తిరిగొచ్చాడు.

ఎందుకు అన్నది నేను చాలా ఆలోచించాను. జాన్సన్‌కి కనిపించింది తప్పు. బ్లాక్‌బర్న్‌కి తెలిసింది ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఆ చెయ్యి ఎందుకు దిగుతుందో, భుజాన్ని ఎలా తిప్పితే దిగదో, అది సరిచేస్తే ఇంకెక్కడ చెడుతుందో, ఆ శరీరాన్ని అడుగడుగునా కట్టినవాడికి తెలిసినట్టు వేరేవాళ్లకు తెలియదు. కొత్తవాడు వస్తే నిలబడడం దగ్గర్నుంచి తన పద్ధతి మొదలుపెడతాడు. బాగున్న కాళ్లు కూడా చెడిపోవచ్చు. ఇంకో సంగతి, ఓటమిలో సగం తప్పు గోల్ఫ్ కర్ర పట్టిన లూయిస్‌ది. మాస్టర్‌ని మార్చితే ఆ సగం మాస్టర్ మీదికి పోయేది. మార్చలేదు కాబట్టి అది తన దగ్గరే మిగిలింది. తర్వాత క్యాంపుల్లో అతను గోల్ఫ్ పక్కన పెట్టి పనిచేశాడు.

రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 18న, ఇంకో మాజీ ఛాంపియన్ జాక్ షార్కీ ముందు నిలబెట్టారు. మూడో రౌండులో నాకౌట్. జ్యాబ్ కొట్టిన చెయ్యి తిరిగి గడ్డం దగ్గరికి రావడమే ఆ కాలంలో బ్లాక్‌బర్న్ పాఠం. రోజూ అదే. 1937 జూన్ 22న షికాగోలో జిమ్ బ్రాడాక్‌తో టైటిల్ ఆట. నిజానికి ఆ అవకాశం ష్మెలింగ్‌కి రావలసింది, ప్రమోటర్ల రాజకీయం వల్ల లూయిస్‌కి వచ్చింది. మొదటి రౌండులో లూయిస్ కిందపడ్డాడు. లేచి, తొందరపడకుండా, ఎనిమిదో రౌండులో బ్రాడాక్‌ని పడగొట్టాడు. 22 ఏళ్లు మూసిన తలుపు తెరుచుకుంది. తెరుచుకోదని చెప్పిన బ్లాక్‌బర్న్ అప్పుడు రింగు మూలలోనే ఉన్నాడు.

లూయిస్‌కి అది సగం సంతోషమే. ష్మెలింగ్‌ని ఓడించేదాకా ఛాంపియన్ అనిపించుకోవడం అతనికి ఇష్టం లేదు.

1938 జూన్ 22, మళ్లీ యాంకీ స్టేడియం, దాదాపు 70,000 మంది. ఈసారి రెండు దేశాలు ఆడుతున్నట్టు ఉంది వ్యవహారం. తమ సొంత దేశంలో సగం హోటళ్లలోకి రానివ్వని మనిషిని అమెరికా వాళ్లు ఆ రాత్రికి తమవాడన్నారు. బ్లాక్‌బర్న్ పథకం చాలా చిన్నది. ష్మెలింగ్ బలం కాచుకోవడంలో ఉంది కాబట్టి కాచుకునే టైమే ఇవ్వకూడదు. గంట కొట్టగానే మీద పడాలి. అందుకని రింగులోకి రాకముందే లూయిస్ మామూలు కంటే ఎక్కువసేపు ఒళ్లు వేడెక్కించుకుని వచ్చాడు. గంట కొట్టింది. ష్మెలింగ్ వెతుకుతున్న సందు ఈసారి లేదు. తాళ్లకు ఆనించి కొట్టిన ఒక దెబ్బ పక్కటెముకల వెనక తగిలి వెన్నులో ఎముక చిట్లింది. ష్మెలింగ్ అరిచిన అరుపు రింగు చుట్టూ వినపడింది. మూడుసార్లు పడ్డాడు. అతని మాస్టర్ తువ్వాలు విసిరేశాడు. మొత్తం 2 నిమిషాల 4 సెకన్లు. మొదటిసారి 12 రౌండ్లు పట్టిన లెక్క రెండోసారి మన క్లాసులో అటెండెన్స్ తీసుకునేలోపు తీరిపోయింది.

ఇంకో విషయం చూశాను. లూయిస్ ఎవరితోనైనా రెండోసారి తలపడితే ఎప్పుడూ ఓడలేదు. బాబ్ పాస్టర్ మొదటిసారి పరుగులు పెట్టించి పది రౌండ్లు నిలబడ్డాడు, రెండోసారి 11వ రౌండులో నాకౌట్. చిలీ ఆటగాడు అర్తురో గోదోయ్ 1940 ఫిబ్రవరిలో నేలకు వంగి వంగి ఆడి 15 రౌండ్లు సతాయించాడు, జూన్‌లో ఎనిమిదో రౌండుకే అయిపోయాడు. ఇది ఒక్క లూయిస్ తెలివి కాదు. మొదటి ఆటను మరిచిపోకుండా దాచుకునే మనిషి ఒకడు మూలలో ఉన్నాడు. మాస్టర్ మారితే ఆ జ్ఞాపకం కూడా అతనితో పోతుంది.

నాయనకు కూడా న్యాయం చేయాలి. మార్చి బాగుపడినవాళ్లు లేరా? ఉన్నారు. మన కాలానికి దగ్గరగా బ్రిటన్‌కి చెందిన లెనాక్స్ లూయిస్ (పేరు కలిసినా చుట్టం కాదు) 1994లో ఆలివర్ మెకాల్ చేతిలో ఓడాక, ఆ మెకాల్ మూలలో నిలబడ్డ ఇమాన్యుయెల్ స్టీవర్డ్‌నే తన మాస్టర్‌గా పెట్టుకున్నాడు. 1997లో మెకాల్‌ని ఓడించి మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. కానీ ఆయనే 2001లో హసీమ్ రహ్మాన్ చేతిలో ఓడినప్పుడు స్టీవర్డ్‌ని మార్చలేదు, ఆ ఏడాదిలోనే తిరిగి గెలిచాడు. ఒకే మనిషి, రెండు ఓటములు, రెండు జవాబులు. మొదటిసారి అతనికి రానిది ఉంది, నేర్పేవాడు కావాల్సి వచ్చింది. రెండోసారి వచ్చిందే అజాగ్రత్తగా చేశాడు. నాకు అర్థమైనంతలో తేడా అదే.

జో లూయిస్ దగ్గరికి వద్దాం. 1942 నాటికి బ్లాక్‌బర్న్ ఆరోగ్యం పాడైంది. కీళ్లనొప్పులతో రింగు మెట్లెక్కడం కూడా కష్టమైంది. జనవరి 9న బడ్డీ బేర్‌తో ఆట. ముసలాయన తను మెట్లు ఎక్కి దిగలేనని బాధపడితే, ఈ రాత్రికి ఒక్కసారి ఎక్కితే చాలు, రెండో రౌండు ఉండదని లూయిస్ మాట ఇచ్చాడంటారు. ఆ ఆట నిజంగానే మొదటి రౌండులో ముగిసింది. నాకౌట్‌లు అన్నింటిలోకీ నాకు నచ్చింది ఇదే. మార్చిలో ఏబ్ సైమన్‌తో ఆటకు బ్లాక్‌బర్న్ రాలేకపోయాడు. ఏప్రిల్ 24న గుండె ఆగి పోయాడు. 

అప్పుడు మాస్టర్ మారాడు, మార్చింది చావు. వచ్చినవాడు కూడా బయటివాడు కాదు. అదే క్యాంపులో సహాయకుడిగా ఉన్న మానీ సీమన్. కొత్త పద్ధతి ఏమీ తేలేదు, ఉన్నదాన్నే నిలబెట్టాడు.

లూయిస్ అప్పటికే సైన్యంలో చేరాడు. బడ్డీ బేర్, సైమన్ ఆటల్లో తన వాటాకు వచ్చిన డబ్బు యుద్ధ సహాయ నిధులకు ఇచ్చేశాడు. యుద్ధకాలంలో సైనికుల కోసం దాదాపు వంద ప్రదర్శన ఆటలు ఆడాడు. యుద్ధం తర్వాత నాలుగుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అందులో 1947 డిసెంబరులో జెర్సీ జో వాల్కాట్ అతన్ని రెండుసార్లు కిందపడేశాడు. జడ్జీలు లూయిస్ గెలిచాడన్నారు గాని చూసినవాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ ఆడి 11వ రౌండులో పడగొట్టాడు. 1949 మార్చి 1న ఛాంపియన్‌గానే తప్పుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పన్ను కట్టమని ప్రభుత్వం వెంటపడింది. దానం ఇచ్చిన డబ్బు మీద కూడా లెక్కకట్టారు. వడ్డీతో అది పది లక్షల డాలర్లు దాటింది. డబ్బు కోసం మళ్లీ గ్లవ్స్ తొడిగాడు. 1950 సెప్టెంబరులో ఎజర్డ్ చార్ల్స్ చేతిలో 15 రౌండ్లు ఓడాడు. 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో ఎనిమిదో రౌండులో తాళ్ల మధ్యనుంచి బయటికి పడేలా కొట్టాడు. ఈ రెండు ఓటముల తర్వాత ఏ మాస్టర్‌ని తెచ్చినా లాభం లేదు. 37 ఏళ్ల కాళ్లను ఎవరూ 22కి తిప్పలేరు. బ్లాక్‌బర్న్ లేచి వచ్చినా ఆట మానెయ్యమనేవాడేమో.

తర్వాతి బతుకు త్వరగా చెప్పేస్తాను, నాకు చెప్పాలనిపించడం లేదు. కుస్తీ ప్రదర్శనలు, అప్పులు, మత్తుమందులు, మనసు చెదరడం, కొన్నాళ్లు ఆసుపత్రి. చివర్లో లాస్ వేగాస్‌లో ఒక పెద్ద కాసినో హోటల్లో వచ్చినవాళ్లకు నమస్కారం చెప్పే ఉద్యోగం. 1977లో గుండె ఆపరేషన్, పక్షవాతం, చక్రాల కుర్చీ. 1981 ఏప్రిల్ 12న పోయాడు. సైనికుడిగా అర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో పూడ్చారు. అందుకోసం అధ్యక్షుడు రీగన్ నిబంధన సడలించాడు. అంత్యక్రియల ఖర్చులో సాయం చేసినవాళ్లలో ష్మెలింగ్ ఒకడు. 1954లో అమెరికా వచ్చినప్పుడు లూయిస్‌ని వెతుక్కుంటూ ఇంటికి పోయాడు. అప్పట్నుంచి ఇద్దరూ స్నేహితులు. ఎడమచేతి కింద సందు కనిపెట్టినవాడే, ఆ చెయ్యి పడిపోయాక డబ్బు సాయం కూడా చేస్తూ వచ్చాడు.

ఇదంతా ఒక రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. నాయన మొదట నవ్వాడు, అమెరికా కథలు మన పేటకు ఎందుకని. తర్వాత ఒక్క ప్రశ్న వేశాడు. ఆ ముసలాయనకు శిష్యుడి తప్పేమిటో తెలుసు, దిద్దాడు. సరే. వీడి మాస్టర్‌కి వీడి తప్పేమిటో తెలుసా? నా దగ్గర జవాబు లేదు. అమ్మ దగ్గరా లేదు. తమ్ముడు పళ్లెంలోకి చూస్తూ, తెలుసు అన్నట్టు తలూపాడు. ఆ మూడు వారాల్లో వాణ్ణి అడగడం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం నాయనే జిమ్‌కి పోయినాడు. తిట్టడానికే పోయినాడని అమ్మ భయపడింది. గంటన్నర తర్వాత వచ్చి, కాళ్లు కడుక్కుని, మెల్లగా చెప్పాడు. ఆ మాస్టర్ తమ్ముడు ఓడిన ఆటను ఎవరో ఫోనులో తీస్తే దాన్ని అడిగి తెప్పించుకున్నాడట. నాయనను పక్కన కూర్చోబెట్టి, ఆపి ఆపి మూడుసార్లు చూపించాడట. అలిసిపోతే తమ్ముడి కుడి మడమ లేస్తోంది, అక్కడే ఒళ్లు తూలుతోంది. నాయనకు బాక్సింగ్ తెలియదు గాని మడమ లేవడం కనిపించిందట.

ఫిబ్రవరిలో ఇంకో పోటీ ఉంది. తమ్ముడు ఇప్పుడు పొద్దున్నే మిద్దె మీద కుడి మడమ కింద ఒక రూపాయి బిళ్ల పెట్టుకుని, అది కదలకుండా గాలిలో గుద్దులు గుద్దుతున్నాడు. కదిలితే టంగుమని మోగుతుంది, కింద వంటింట్లోకి వినపడుతుంది. నిన్న నాలుగుసార్లు మోగింది. ఈ రోజు రెండు.